పెద్దవాళ్ళలోనూ ఏడీహెచ్‌డీ ఉంటుందని రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల్లో ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) గురించి వేసిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది, ఇలాంటివి తెలుగులో రావడమే తక్కువ కాబట్టి వేసినందుకు సంతోషం. కానీ చివర్లో రెండు మాటలున్నాయి. పెద్దయ్యే కొద్దీ ఇది దానంతటదే పోతుందని ఒకటి, ఫోన్లు ఎక్కువగా చూడడం వల్లే వస్తోందని ఇంకొకటి. అవి చదివాక ఊరుకోలేకపోయాను. నాకిప్పుడు 41 ఏళ్ళు. ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు చెప్పేసరికి నాకు 38 నిండాయి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫోను లేదు, టీవీ కూడా నేను ఆరో తరగతికి వచ్చాకే కొన్నారు.

నేను తెనాలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదహారేళ్ళ సర్వీసు. పాఠం చెప్పడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు, బోర్డు ముందు నిలబడితే పీరియడ్ ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియదు, పిల్లలు నా క్లాసంటే ఇష్టపడతారు. బాధంతా పేపర్ల కట్టతోనే. హాఫ్ ఇయర్లీ పరీక్షలయ్యాక ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లవి 84 పేపర్లు శుక్రవారం సాయంత్రం చేతికిస్తారు, సోమవారం పొద్దున మార్కుల లిస్టు ఇచ్చేయాలి. శుక్రవారం రాత్రే కట్ట విప్పి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుంటాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుంటాను. చెయ్యాలని ఉంటుంది, చెయ్యకపోతే ఏమవుతుందో తెలుసు, లెక్కలు దిద్దడం నాకు రాని పని కూడా కాదు, అయినా మొదటి పేపరు తెరవలేను. కుర్చీలో కూర్చుంటాను, లేస్తాను, బట్టలు మడత పెడతాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. శనివారం అంతా అంతే. ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఇక టైము లేదన్న భయం గొంతు దాకా వస్తే అప్పుడు మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగింటికి 84 పూర్తి చేసి, కళ్ళు మండుతుంటే స్నానం చేసి స్కూలుకి పోయేదాన్ని. ఏళ్ళ తరబడి ప్రతి పరీక్షకీ ఇదే. దీన్ని బద్ధకం అన్నారు. బద్ధకస్తుడు ఆ రెండు రోజులైనా సుఖంగా పడుకుంటాడు కదండీ. నేను ఆ రెండు రోజుల్లో ఒక్క గంట కూడా స్థిమితంగా కూర్చున్నది లేదు.

ఇంకో సంగతి చెబుతాను. ఇది ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు. మా నాన్న పోయి ఏడాది అయినప్పుడు సంవత్సరీకాలు మా ఊళ్ళో పెట్టుకున్నాం. నాన్న ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించే పని నేనే అడిగి మరీ తీసుకున్నాను. పది రోజుల ముందే ఫ్రేము రెడీ అయిపోయింది, ఆ షాపు నేను రోజూ స్కూలుకి వెళ్ళే దారిలోనే ఉంటుంది, డబ్బులు కూడా ముందే కట్టేశాను. పది రోజులూ ఆ షాపు ముందు నుంచే వెళ్ళాను. ప్రతి రాత్రీ భోజనాలయ్యాక గుర్తొచ్చేది, రేపు తప్పకుండా తేవాలి అనుకునేదాన్ని. ఆ రోజు తెల్లవారుజామున బస్సెక్కి ఊరికి చేరాం. అమ్మ కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచి, చామంతి దండ చేతిలో పట్టుకుని నా సంచీ వైపు చూసింది. ఆ చూపుతో గుర్తొచ్చింది నాకు. తమ్ముడు "నాన్న ఫోటో కూడా గుర్తుండదా అక్కా నీకు" అన్నాడు. వాడిని నేను తప్పు పట్టను, ఎవరైనా అంతే అంటారు. చివరికి నాన్న ఓటరు కార్డుని గ్లాసుకి ఆనించి నిలబెట్టి దానికి దండ వేశారు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు.

నాన్న మీద నాకు ప్రేమ లేదా అని ఆ రాత్రి నన్ను నేనే అడిగాను. ముప్ఫై ఏళ్ళుగా అందరూ చెబుతున్న మాట నిజమేనేమో, నేను మనుషుల్ని పట్టించుకోని దాన్నేమో అనుకున్నాను. ఆ తరవాత రెండేళ్ళు డిప్రెషన్‌కి మందులు వాడాను. నిద్ర పట్టింది, ఏడుపు తగ్గింది, కానీ పేపర్ల కట్ట మాత్రం అలాగే ఉండేది. అప్పుడు చూసిన డాక్టరుగారు చిన్నప్పుడు ఎలా ఉండేదానివి అని ఒక్కసారి కూడా అడగలేదు. విజయవాడలో ఇంకో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాక ఆవిడ మొదటి రోజే అడిగింది ఆ ప్రశ్న.

ఆవిడ వెంటనే ఏదీ తేల్చలేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించమంది, ఎందుకంటే అవి తేడాగా ఉన్నా ధ్యాస నిలవదట. అమ్మతో ఫోన్లో మాట్లాడింది. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తెమ్మంది. మా అమ్మ ఏ కాగితమూ పారేసే మనిషి కాదు, ట్రంకు పెట్టెలో నా పెళ్ళిపట్టు చీర కింద నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా అన్నీ ఉన్నాయి. నాలుగో తరగతి కార్డులో టీచరు నీలం ఇంకుతో "తెలివైనది, నిర్లక్ష్యం ఎక్కువ" అని రాసింది. ఏడో తరగతిలో వేరే స్కూలు, వేరే టీచరు, మళ్ళీ "నిర్లక్ష్యం". తొమ్మిదిలో "శ్రద్ధ పెడితే ఫస్టు రాగలదు". ఒకరికొకరు తెలియని ముగ్గురు టీచర్లు అయిదేళ్ళ తేడాలో ఒకే మాట రాశారు, అది జబ్బు లక్షణం అని ఎవరికీ తట్టలేదు. తట్టే కాలమూ కాదు అది, అందుకు వాళ్ళని ఏమీ అనను. డాక్టరమ్మ ఆ కార్డుల్ని బల్ల మీద వరసగా పెట్టి, పన్నెండేళ్ళ లోపే లక్షణాలు ఉన్నాయా లేదా అన్నది తేలాలి, ఇవి దానికి సాక్ష్యం అంది.

ఆ పన్నెండేళ్ళ లెక్క గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో పొరపాటు అక్కడే ఉంది. డాక్టర్లు మానసిక రోగాన్ని నిర్ణయించడానికి వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎమ్ ఒకప్పుడు ఏడేళ్ళ లోపే లక్షణాలు కనబడాలి అనేది. 2013లో వచ్చిన అయిదో కూర్పులో దాన్ని పన్నెండేళ్ళు చేశారు. పదిహేడేళ్ళు నిండినవాళ్ళకి తొమ్మిదింట్లో ఆరు లక్షణాలు అక్కర్లేదు, అయిదు చాలు అని కూడా మార్చారు. అంటే పెద్దవాళ్ళలో ఇది ఉంటుందనీ, పెద్దయ్యాక దాని రూపు మారుతుందనీ డాక్టర్లే ఒప్పుకుని రాసుకున్నారు. పిల్లవాడు బెంచీ మీద నుంచి దూకుతాడు, పెద్దవాడు దూకడు, లోపల మనసు దూకుతూ ఉంటుంది. ఇక ఆడపిల్లల్లో చాలామందికి ఆ దూకడం చిన్నప్పుడు కూడా ఉండదు, కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంటారు, ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు. నేను ఆ కిటికీ పక్క పిల్లనే.

ఫోన్ల సంగతికొస్తే, లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చింది 1902లో. అప్పటికి ఇళ్ళల్లో రేడియో కూడా లేదు. ఆయన కూడా దానికి పెట్టిన పేరు నైతిక నిగ్రహం లోపించడం అని. నాకు ఇది చదివినప్పుడు చాలా బాధేసింది. అంత జాగ్రత్తగా పిల్లల్ని గమనించిన డాక్టరు కూడా దాన్ని నడవడికలో లోపంగానే చూశాడు, మా నాలుగో తరగతి టీచరు నీలం ఇంకుతో రాసింది కూడా అదే. ఫోను ఉన్న ధ్యాసని కూడా చెడగొడుతుంది, కాదనను, కానీ ఏడీహెచ్‌డీ పుట్టుకతో వచ్చేది. మనిషి ఎత్తు తల్లిదండ్రుల నుంచి ఎంతగా వస్తుందో ఇదీ దాదాపు అంతగా వంశంలో వస్తుందని కవలల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. డాక్టరమ్మ మా నాన్న గురించి అడిగితే, ఆయన ఆరు వ్యాపారాలు మొదలుపెట్టి ఆరూ మధ్యలో వదిలేసిన సంగతి చెప్పాను. ఊళ్ళో ఆయనకి నిలకడ లేని మనిషి అని పేరు. ఆయనకి ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు కాబట్టి ఏదీ ఖాయంగా అనలేను, కానీ ఆ మాట మోస్తూనే పోయాడు.

నా సంగతి చెప్పగానే జనం అనే మాట, "అది అందరికీ ఉంటుందిలే". మా ఆయన కూడా మొదట అదే అన్నాడు. తాళాలు ఎక్కడ పెట్టామో అందరూ మర్చిపోతారు, నిజమే. జ్వరం కూడా అందరికీ వస్తుంది, ఏడాదిలో మూడు వందల రోజులు ఉంటే మామూలే అని వదిలేస్తామా? ఇంకో మాట, "ఇష్టమైన పని మాత్రం చేస్తావుగా". చేస్తాను. ఒక జామెట్రీ లెక్క పట్టుకుంటే అన్నం మానేసి ఆరు గంటలు కూర్చోగలను. ధ్యాస లేక కాదు, దాని పగ్గం నా చేతిలో ఉండదు. ముఖ్యమైన పని అని మనసు చెబితే మామూలు వాళ్ళకి మెదడు కదులుతుంది. మాకు ఆ పని కొత్తగానో ఇష్టంగానో ఉండాలి, లేకపోతే నెత్తి మీదికి రావాలి. మెదడు ముందు భాగంలో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు పనిచేసే తీరులో తేడా వల్ల ఇలా జరుగుతుందని డాక్టర్లు చెబుతారు. దూరవిద్యలో ఎం.ఎస్సీ. లెక్కలు కట్టి, పుస్తకాలన్నీ చదివి, పరీక్ష ఫీజు కట్టే గడువు రెండు సార్లు దాటించుకుని ఆ చదువు వదిలేశాను. లెక్కలంటే ఇష్టం లేకనా? ఆ డిగ్రీ ఉంటే ఇవాళ జూనియర్ కాలేజీలో చెప్పేదాన్ని. నిర్ధారణ అయిన మొదటి ఆరు నెలలు నాకు ఊరట కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను.

మందు సంగతి రాయాలి, మీ వ్యాసంలో అది అసలు లేదు. ముందు ఆటమాక్సిటిన్ ఇచ్చారు, అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, నాకు కడుపులో వికారంగా ఉండి అది పడలేదు. తరవాత మిథైల్‌ఫెనిడేట్. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, బీపీ, గుండె వేగం చూసుకుంటూ పెంచారు. వేసుకున్న అరగంట, ముప్పావు గంటలో పనిచేస్తుంది, నేను వేసుకునే రకం నాలుగు గంటలకి దిగిపోతుంది. మొదటి వారం ఒక పొద్దున జరిగింది చెబుతాను. పప్పు కుక్కర్లో పెట్టి కూరగాయలు తరుగుతున్నాను. విజిల్ వచ్చింది, ఒకటి అనుకున్నాను. తరుగుతూనే ఉన్నాను, రెండు. మూడు రాగానే లేచి స్టవ్ కట్టేశాను. స్టవ్ ముందు అలా నిలబడిపోయాను. పెళ్ళయిన పదిహేనేళ్ళలో పక్కన ఇంకో పని చేసుకుంటూ మూడు విజిళ్ళు లెక్కపెట్టడం నాకు అదే మొదటిసారి. మా అత్తగారు ఏమైందమ్మా అంటే ఏమీ లేదండీ అన్నాను కానీ కళ్ళనిండా నీళ్ళు. ఏళ్ళ తరబడి పిల్లలకి లెక్కలు చెబుతున్న దాన్ని నేను.

మందుతో అన్నీ సర్దుకోలేదు. ఆకలి తగ్గింది, మధ్యాహ్నం డబ్బా తెరవబుద్ధి కాదు, సాయంత్రం దిగిపోయాక చిరాకు వస్తుంది. అలవాట్లు మందు మార్చదు, నేనే మార్చుకోవాలి. ఇప్పుడు పేపర్లు ఇంటికి తీసుకెళ్ళను, స్టాఫ్ రూమ్‌లో తెలుగు మేడమ్ పక్కన కూర్చుని ఆవిడ పేపర్లు ఆవిడ, నా పేపర్లు నేను దిద్దుకుంటాం, పది పేపర్లకొకసారి లేచి మంచినీళ్ళు తాగుతాం. పక్కన ఒక మనిషి ఉంటే చాలు నా చెయ్యి కదులుతుంది, ఎందుకో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. కరెంటు బిల్లు, గ్యాసు, ఇన్సూరెన్సు మా ఆయన చూసుకుంటున్నాడు.

కానీ ఆ మందు దొరకడం ఉంది చూశారా, దానికంటే టెన్షన్ లేదు. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తు పదార్థాల చట్టం కింద సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) పదార్థాల జాబితాలో ఉంది కాబట్టి ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వకూడదు. ఆ నియమం ఉండాల్సిందే, దుర్వినియోగం చేసేవాళ్ళు ఉంటారు. కానీ మా ఊళ్ళో నేను అడిగిన ఏ మందుల షాపులోనూ పెట్టడం లేదు. ఒకాయన ప్రిస్క్రిప్షన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మత్తు మందు కదమ్మా, ఎవరికి?" అని నలుగురి ముందు గట్టిగా అడిగాడు. నా వెనకాల మా స్కూలు పిల్లల తల్లి ఒకావిడ నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ప్రతి నెలా రైల్లో విజయవాడ వెళ్ళి తెచ్చుకుంటున్నాను. అక్కడ కూడా ఒక్కోసారి స్టాకు లేదంటారు. ప్రతి పనీ గుర్తుపెట్టుకుని టైముకి చెయ్యలేకపోవడమే జబ్బయిన మనిషికి మందు కావాలంటే ఇన్ని పనులు గుర్తుపెట్టుకుని టైముకి చెయ్యాలి. నాకు విజయవాడ దగ్గర, జీతం ఉంది. పాడేరులోనో, ఆదిలాబాద్‌లోనో ఉన్నవాళ్ళ సంగతి ఏమిటి? జిల్లా ఆసుపత్రిలో ఉన్న మానసిక వైద్యుడు రాస్తే ఆ ఆసుపత్రిలోనే ఆ మందు దొరికే ఏర్పాటు ఉండాలని మీ పత్రిక ఒకసారి గట్టిగా అడగాలని నా కోరిక.

పెద్దవాళ్ళలో నూటికి రెండున్నర మంది చొప్పున ఉంటారని అంచనా. అంటే నలభై మందిలో ఒకరు. నెలనెలా నేను ఎక్కే రైలు పెట్టెలో కనీసం ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళలో ఎందరికి తెలుసో! తెలుగువాళ్ళకి కూడా బాగా తెలిసిన మలయాళ నటుడు ఫహాద్ ఫాజిల్ 2024లో తనకి 41వ ఏట ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలిందని కేరళలో ఒక సభలో అందరి ముందూ చెప్పాడు. ఆ వార్త మన దగ్గర కూడా వచ్చింది, కానీ సినిమా వార్తగా వచ్చింది. ఆ రోజు పక్కనే నాలుగు లైన్లు, పెద్దవాళ్ళలో లక్షణాలు ఇవి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆరు ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది, అది నిర్ధారణ కాదు గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది తెలుస్తుంది, 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారు అని వేసి ఉంటే ఎంతమందికి పనికొచ్చేదో.

ఇంకొకటి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. పిల్లల్లో ఇది నూటికి అయిదుగురికి దాకా ఉంటుందంటారు, నా క్లాసులో 42 మంది, అంటే సెక్షన్‌కి ఇద్దరు. పదహారేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన ప్రోగ్రెస్ కార్డులు వేలల్లో ఉంటాయి. వాటి మీద నేను కూడా "నిర్లక్ష్యం" అని రాశాను. ఎన్నిసార్లు రాశానో, ఎవరికి రాశానో గుర్తులేదు. ఆ మాట నాకు ఎంత గుచ్చుకుందో తెలిసి కూడా, వేరే మాట తెలియక అదే రాశాను. మొన్న దసరా సెలవుల ముందు ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి కార్డు మీద ఆ మాట రాయబోయి ఆగి, "నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, రాసేటప్పుడు మధ్యలో ఆగిపోతోంది, ఒకసారి వచ్చి మాట్లాడండి" అని రాశాను. వాళ్ళమ్మ వచ్చింది. టైలరింగ్ చేస్తుందట. పిల్ల గురించి చెబుతుంటే కాసేపు విని, "నేనూ ఇంతే మేడమ్, బ్లౌజు కత్తిరించి పెట్టి నెల రోజులు కుట్టను, అందరితో తిట్లు తింటాను" అంది. ఇద్దరం స్టాఫ్ రూమ్‌లో గంట సేపు కూర్చున్నాం. టెలీ మానస్ నంబరు రాసిచ్చాను. ఆవిడ రోజూ మీ పత్రిక చదువుతుందట, అందుకే ఇదంతా మీకు రాస్తున్నాను.

ఈ ఉత్తరం వేస్తే దయచేసి నా పేరు వెయ్యకండి. మా స్కూలు యాజమాన్యానికి నేనింకా చెప్పలేదు, చెబితే క్లాసులు తగ్గిస్తారేమోనని భయం. అదొక్కటే కారణం కాదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, దానికీ ఈ లక్షణాలు కనబడుతున్నాయి, వచ్చే నెల చూపిస్తున్నాం. దాని సంగతి నలుగురికీ చెప్పుకోవాలో వద్దో పెద్దయ్యాక అదే నిర్ణయించుకోవాలి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
తెనాలి